రుసాన కేబుల్ తగిలే చోటు

ఆ ఊళ్ళో ఇస్త్రీపెట్టె కాలిపోయినా, మెట్ల మీది బల్బు వెలగకపోయినా, పెళ్ళిలో మైకు గీపెట్టినా, "రుసాన చెయ్యి పడినట్టుంది" అనేవాళ్ళు. ముప్పై మూడేళ్ళుగా అంటూనే ఉన్నారు. తర్వాత పుట్టినవాళ్ళకు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. రుసాన అనేది నిజంగా ఒక మనిషి పేరని కూడా కొందరికి తెలియదు. ఆ మనిషేమో వాళ్ళ పక్క నుంచే బకెట్టు పట్టుకుని పోతూ ఉండేది.

రుసాన పని చేసేది ఊరి పఠనమందిరంలో. కింద గ్రంథాలయం, వెనక నాటకాల వేదిక, పైన నృత్యం నేర్పే హాలు. అవన్నీ తుడవడం ఆమె పని. అరవై ఒకటి నిండాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎవరి బూటు మడమ అరిగిందో, ఎవరు ఎవరి పక్కన కూర్చోవడం మానేశారో ఆమెకు తెలుసు. అడిగితే తప్ప చెప్పదు. అడిగేవాళ్ళు లేరు.

ఏడో తరగతి అయ్యాక, నాన్నకు నడుం పడిపోవడంతో బడి మానేసింది. రెండేళ్ళు పొగాకు ఆకులు దారానికి గుచ్చింది. పదహారో ఏట ఊరి ఫ్యాక్టరీలో కేబుళ్ళ గదిలో చేరింది. అప్పట్లో అక్కడ టెలిఫోన్లు చేసేవారు, తర్వాత కంప్యూటర్లు మొదలుపెట్టారు.

ఆ గదిలో ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు. ఒక్కొక్కరి ముందూ ఒక చెక్క, దాని మీద అంటించిన కాగితంలో ఒక గీత, గీత వెంబడి మేకులు. మేకుల మధ్య నుంచి తీగలు పరచాలి. ఎక్కడ ఏ తీగ విడిపోవాలో అక్కడ వంచాలి. మైనం పట్టించిన దారంతో మూడు వేళ్ళకొక ముడి వేస్తూ జడలాగా బిగించాలి. చివరికి మేకుల మీద నుంచి ఎత్తితే, కొమ్మలతో సహా కేబుల్ చేతికొస్తుంది. అది ఏ బోర్డుకు, ఎక్కడ తగులుతుందో కట్టినవాళ్ళకు తెలియదు. బోర్డులు తయారయ్యే హాలు నడవకు అవతల ఉండేది. తెల్ల కోటు లేనివాళ్ళను ఆ గుమ్మం దాటనిచ్చేవారు కాదు.

కేబుల్ చివరి ప్లగ్గు తలకిందులుగా దిగకుండా ఒక ఏర్పాటు ఉండేది. బోర్డు మీది కనెక్టర్‌లో ఒక పిన్ను కత్తిరించేస్తారు. ప్లగ్గులో దానికి ఎదురుగా వచ్చే రంధ్రాన్ని మూసేస్తారు. అప్పుడది ఒక్క వైపుగానే దిగుతుంది. మూయడానికి రావలసిన ప్లాస్టిక్ బిరడాలు ఏనాడూ వేళకు రాలేదు. అందుకని ఆడవాళ్ళు అగ్గిపుల్ల కొస విరిచి, గోళ్ళ రంగులో ముంచి రంధ్రంలో దూర్చేవారు. ఆరాక రాయిలా బిగుసుకునేది. ఎవరి రంగు వాళ్ళది. రుసాన పక్కన కూర్చునే దోనది వెండి మెరుపున్న గులాబీ. రుసానది నల్లచెర్రీ రంగు. రంగు చూసి ఆ కేబుల్ ఎవరు కట్టారో తనిఖీవాళ్ళు చెప్పేసేవారు.

ఇరవై ఆరు రంధ్రాల ప్లగ్గుతో ఒక కేబుల్ ఉండేది. తీగలు ఇరవై నాలుగే, ఒక చివరిది ఎర్రది. ప్లగ్గు రెండు చివర్లా ఒక్కో రంధ్రం ఖాళీ. వాటిలో ఏదో ఒకదాన్ని మూయాలి. కట్టడం కష్టం, నెలకు నలభై చాలు, అందుకని దాన్ని రుసాన ఒక్కతే కట్టేది. మూడేళ్ళు కట్టింది. చెక్క మీది గీత అరిగి అరిగి మాయమైపోయింది. కొత్త కాగితం అడిగితే వస్తుందన్నారు, రాలేదు. చేతులకు దారి తెలుసు కాబట్టి ఆమె మళ్ళీ అడగలేదు.

1986 శరదృతువులో ఒక ఉదయం, పరీక్ష బల్లల మీద ముప్పై ఆరు కంప్యూటర్లకు పొగ వచ్చింది. కేబుల్ తలకిందులుగా దిగింది. అన్ని ప్లగ్గుల్లోనూ నల్లచెర్రీ రంగు అగ్గిపుల్లే.

తనిఖీ విభాగానికి పెద్ద కల్చెవ్ ఇంజినీరు. భోజనాల హాల్లో అందరినీ కూర్చోబెట్టి ఒక పేజీ చదివాడు. కార్మికురాలు రుసాన మింకోవా అగ్గిపుల్లను ఒక చివర పెట్టవలసింది మరో చివర పెట్టినందువల్ల, అని. గీత చూపించమన్నారు. గీత లేదు. జ్ఞాపకంతో కట్టావా అన్నారు. అవునంది. ఇంకేమీ అడగలేదు. గేటు దగ్గరి నల్లబల్ల మీద ఆమె పేరు నెల రోజులు ఉంది. ఆమెను వంటశాలలో పళ్ళాలు కడగడానికి పంపారు.

నింద కంటే ఆమెను ఎక్కువ తినేసింది వేరే ఉంది. తను తప్పు చేయలేదని ఆమెకే గట్టిగా తెలియదు. ఆ వారమంతా చెల్లెలి పెళ్ళి పనులతో నిద్ర లేదు. పుల్లను ఎర్ర తీగ పక్కనే పెట్టినట్టు చేతులకు గుర్తు. కానీ ఆ వారం కూడా అక్కడే పెట్టిందా? అసలు పెట్టవలసింది అక్కడేనా? చేతుల మాట తనకే నమ్మకం లేనప్పుడు ఇంకొకరికి ఏం చెబుతుంది? అందుకే ముప్పై మూడేళ్ళలో ఒక్కసారి కూడా, నేను కాదు, అనలేదు.

ఫ్యాక్టరీ మూతపడింది. గోడలు కూల్చి ఇనుము అమ్ముకున్నారు. 2019 వసంతంలో, బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే వెలిజార్ పఠనమందిరం పై గది అడిగి తీసుకున్నాడు. ఊళ్ళో తయారైన కంప్యూటర్లను పోగుచేసి, మే ఇరవై నాలుగున, అక్షరాల పండుగ నాడు, గది తెరవాలని అతని పట్టుదల. డొక్కులు, కీబోర్డులు, పగిలిన పెట్టెలు చాలానే వచ్చాయి. పని చేసేది ఒక్కటీ లేదు. ఏప్రిల్ చివర్న, మూసేసిన ఒక వృత్తి విద్యాలయం గోదాములో విప్పని పెట్టె ఒకటి దొరికింది. అందులో కాగితం చుట్టిన కొత్త మదర్‌బోర్డు, పేరు లేని చిన్న బోర్డు ఒకటి. కరెంటు ఇస్తే మదర్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

బోర్డు అంచున, అడుగు వైపు, రెండు వరుసల్లో పిన్నులున్న కనెక్టర్ ఒకటి కనిపించింది. దాని పక్కన ఏ రాతా లేదు. దానికి ఏది తగలాలో తెలిస్తే తప్ప ముందుకు పోవడానికి లేదు. వెలిజార్ ఫోటో తీసి పాత యంత్రాల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ పంపాడు. పోలండ్‌లో ఒకాయన ప్రింటరుకన్నాడు. సెర్బియాలో ఒకాయన డిస్కుకన్నాడు. చివరికి కల్చెవ్ ఇంజినీరునే పిలిపించాడు. ఆయనకు డెబ్బై ఆరేళ్ళు, చేతికర్ర వచ్చింది, గొంతు మాత్రం అదే.

రుసాన అప్పుడు ఆ గది తుడుస్తోంది.

"మా కేబుళ్ళన్నీ పైవైపునే తగిలేవి. అడుగున ఉన్న ఇది తనిఖీ కోసం పెట్టింది," అన్నాడు ఇంజినీరు, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని. "మేం పరీక్ష సూదులు గుచ్చేవాళ్ళం. దీనికేమీ తగలదు. వదిలెయ్."

"ప్రింటరుకు కాదంటారా?"

"ఫోటో చూసి చెప్పేవాళ్ళకు ప్రింటరులాగే కనిపిస్తుంది. పింగాణీ కప్పు చూపించినా ప్రింటరుకే అంటారు."

ఆయన మెట్లు దిగాక వెలిజార్ కూడా ఫోను మాట్లాడుతూ నడవలోకి వెళ్ళాడు. రుసాన చేయి తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. పిన్నుల వరుస మీద బొటనవేలి గోరు ఆనించింది. గోరు కింద సరిగ్గా నాలుగు పట్టాయి. వరుసకు పదమూడు. ఒక చివర, రెండో వరుసలో, ఒక పిన్ను లేదు. కత్తిరించిన మొండి మాత్రం మెరుస్తోంది. ఆమె వెనక్కి జరిగి నీళ్ళు ఒలికినచోటే మళ్ళీ తుడిచింది.

దోన ఇప్పుడు అదే పఠనమందిరంలో నృత్యాల దుస్తులు కుడుతుంది. మధ్యాహ్నం ఇద్దరూ కుట్టుమిషను పక్కన కూర్చుని తింటారు.

"ఏంటే, ఆ బానిత్స రొట్టెను నమిలి నమిలి పిండి చేస్తున్నావు," అంది దోన. "మింగవా?"

"నా కేబుల్ తగిలే చోటు పైన ఉంది."

దోన కత్తెర కింద పెట్టింది. "ఏ కేబుల్? ఆ కేబులా?"

"ఊఁ."

"అయితే వెళ్ళి చెప్పు. వాళ్ళు నెల రోజులుగా తలలు పీక్కుంటున్నారు. నువ్వేమో కింద పిండి నములుతున్నావు."

"చెబితే కట్టమంటారు. కడితే తెలిసిపోతుంది."

"ఏం తెలిసిపోతుంది?"

"నేనే చేశానో, లేదో."

"ఓసి పిచ్చిదానా. నువ్వే చేశావని ఊరంతా ముప్పై మూడేళ్ళుగా అంటోంది. ఇంకా కొత్తగా పోయేదేముంది నీకు?"

"ఊరు అంది. నేను అనలేదుగా," అంది రుసాన.

దోన మారుమాటకు బదులు కత్తెర అందుకుంది. అలాంటిది ఏడాదికొకసారి జరిగితే ఎక్కువ.

రెండు రోజులు రుసాన పై గది తుడవడానికి వెళ్ళలేదు. మూడోరోజు బకెట్టు లేకుండా వెళ్ళింది. వెలిజార్ భూతద్దం పెట్టి బోర్డు మీదికి వంగి ఉన్నాడు.

"వెలిజార్, అది తనిఖీకి కాదు నాయనా."

"ఏది పిన్నీ?"

"ఆ పిన్నులు. వాటికి కేబుల్ ఉంది. నేను కట్టాను."

వెలిజార్ ఊళ్ళో పెరిగినవాడు. "రుసాన చెయ్యి" అనే మాట అతనూ చిన్నప్పటి నుంచి అన్నవాడే. ఆమె ముఖం చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ లాగి తుడిచి, ఆమె ముందు వేశాడు. "కూర్చో పిన్నీ. ఎలా ఉంటుందది?"

"నోటితో చెప్పలేను. ఒక చెక్క తెచ్చిపెట్టు, నా చేయంత పొడుగు. అరవై మేకులు. తీగ, మైనం దారం, ఇరవై ఆరు రంధ్రాల ప్లగ్గు. ఎర్ర తీగ ఒక్కటే ఉండాలి, మిగతావి ఏ రంగైనా ఫరవాలేదు."

"గీత?"

"గీత లేదు," అంది రుసాన. అది ఈసారి అంత సిగ్గుగా అనిపించలేదు.

మొదటి రోజు మేకులు కొట్టడానికే సరిపోయింది. ఒకటి కొట్టి, చేయి చాపి చూసి, పీకి, వేలెడు ఇవతల కొట్టేది. ఆలోచిస్తే తప్పుతోంది. దోన మెట్ల మీద నుంచి ఏదో కబురు చెబుతుంటే వింటూ కొట్టినవి మాత్రం సరిగ్గా పడుతున్నాయి. అది గమనించి, "నువ్వు వాగుతూనే ఉండవే," అంది. దోనకు జీవితంలో ఇంత గౌరవం ఎవరూ ఇవ్వలేదట. రెండు రోజులు వాగింది.

మూడోరోజు సాయంత్రానికి కేబుల్ చెక్క మీద నుంచి లేచింది. ప్లగ్గు దగ్గర ఒకే జడగా మొదలై, జానెడు దూరంలో రెండుగా చీలింది. పొడుగు కొమ్మ రెండుచోట్ల వంగింది. పొట్టి కొమ్మలో రెండే తీగలు, లావువి. వెలిజార్ దాన్ని ఖాళీ కంప్యూటర్ పెట్టెలో మదర్‌బోర్డు పక్కన పరిచాడు. పొడుగు కొమ్మ మొదటి వంపు స్క్రూ స్తంభాన్ని చుట్టింది. రెండో వంపు పెట్టె మూలలో ఒదిగింది. దాని కొస ఆగినచోట, పెట్టె గోడకు రెండు ఖాళీ స్క్రూ రంధ్రాలున్నాయి. అతను లేచి, అలమరలోంచి పేరు లేని చిన్న బోర్డు తెచ్చి అక్కడ పెట్టాడు. రంధ్రానికి రంధ్రం కలిసింది. పొట్టి కొమ్మ నేరుగా, ప్రోగ్రాములు దాచుకునే టేపు రికార్డరు పెట్టే సందుకు చేరింది.

"పిన్నీ," అన్నాడు వెలిజార్. "ఈ చిన్న బోర్డు వేరే యంత్రానిదనుకున్నాం. ఇది తెర మీద బొమ్మ వేసేది. నీ కేబుల్ లేకపోతే దీనికి కళ్ళే లేవు. ఆ కనెక్టర్ బొమ్మకూ టేపుకూ. ఇంకో మాట లేదు."

పన్నెండేళ్ళు చేతిలోంచి తీగలు పోయాయి. అవి ఎక్కడికి పోయాయో రుసాన చూడడం ఇదే మొదటిసారి. పెట్టెలోకి వంగి, ఆ వంపుల మీద వేలు పోనిచ్చింది.

కేబుల్ సంగతి ఇంజినీరుకు తెలియడానికి ఒక పూట పట్టింది. మర్నాడు పొద్దున్నే కర్ర టకటకలాడిస్తూ వచ్చాడు.

"ఈవిడ కట్టిందా? తగిలించకండి. మిగిలిన బోర్డు ఇదొక్కటే. దీనికీ పొగ తెప్పిస్తారా?"

"ఇంకా పుల్ల పెట్టలేదు ఇంజినీరు గారూ," అన్నాడు వెలిజార్. "పెట్టాక చూద్దాం."

పుల్ల. రుసాన చేతిలో అగ్గిపుల్ల కొస ఉంది. దోన తన సంచిలోంచి గోళ్ళ రంగు సీసా తీసి మూత విప్పి పట్టుకుంది. బోర్డు ఎదురుగానే ఉంది, కత్తిరించిన పిన్ను ఏ చివర్న ఉందో కనిపిస్తూనే ఉంది. దానికి సరిపోయేటట్టు పెడితే అయిపోతుంది. ప్లగ్గు చక్కగా దిగుతుంది, యంత్రం నడుస్తుంది, ఎవరూ ఏమీ అడగరు. 1986లో మాత్రం వేరేగా పెట్టిందనుకుంటారు. తనూ అలాగే అనుకుంటూ పోవాలి.

రుసాన బోర్డు మీద నుంచి చూపు తిప్పుకుంది. చెయ్యి ఎటు పోతే అటే పోనిచ్చింది. పుల్ల ఎర్ర తీగ పక్కన దిగింది.

రంగు ఆరేదాకా దోన ప్లగ్గు మీద ఊదింది. కరెంటు తీసి ఉంచి, వెలిజార్ ప్లగ్గును పిన్నుల మీద ఆనించాడు. ఎర్ర తీగ అవతలి చివరకు వచ్చేటట్టు పెడితే దిగలేదు. తిప్పి పెట్టాడు. మెత్తగా దిగిపోయింది, ఎర్ర తీగ కత్తిరించిన పిన్ను పక్కకు వచ్చింది.

"చూశారా," అన్నాడు ఇంజినీరు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "సరిగ్గా ఇలాగే దిగింది ఆ రోజు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే చోట పెట్టింది, పాపం."

రుసాన బల్ల అంచు పట్టుకుంది. అయితే తనేనా? అదే చోట పెట్టిందన్నది నిజమే. ఆ చోటు తప్పా? అలా బల్ల మీదికి వంగి నిలబడ్డప్పుడు, వెలిజార్ అంచు మీద నిలబెట్టి పట్టుకున్న బోర్డు రెండు వైపులా ఆమె కళ్ళ ముందు ఉంది. ఇన్నాళ్ళూ ఆ ఒక్క కనెక్టరే చూసింది. ఇప్పుడు మిగతావీ చూసింది. ఊళ్ళో అందరినీ చూసినట్టే, ఒక్కొక్కటీ చూసింది.

"ఇంజినీరు గారూ," అంది. "ఒక మాట అడగనా?"

"అడుగు."

"ఎర్ర తీగలో వచ్చేది పన్నెండు వోల్టులని అప్పట్లో అనేవారు, అవునా? అది బోర్డు మీద ఏ చివర్న ఉంది?"

"దానికేముంది, చూడొచ్చు. వెలిజార్, మీటరు తియ్."

"మీరే చూడండి. అతను చూస్తే నా కోసం చూశాడంటారు."

కల్చెవ్ ఆమె వైపు ఒకసారి చూసి, కర్ర దోనకిచ్చి, మీటరు అందుకున్నాడు. వెలిజార్ ప్లగ్గు తీసేసి కరెంటు పెట్టాడు. కత్తిరించిన పిన్ను పక్కన సూది ఆనిస్తే సున్నా. అవతలి చివర ఆనిస్తే పన్నెండు.

"పన్నెండు అటు ఉంది. ఎర్ర తీగ అటే పోవాలి. ఇది నేను ఎప్పుడూ కాదనలేదమ్మా. పుల్ల ఎటు ఉండాలన్నదే కదా గొడవ."

"అవునండీ. ఆ తెల్ల చుక్కలు ఎందుకు?"

"ఏ చుక్కలు?"

"బోర్డు మీద అచ్చు వేసినవి. ఇక్కడ ఇంకా అయిదు కనెక్టర్లున్నాయి. అయిదింటికీ ఒక్కో చుక్క. ప్రతిదానికీ కత్తిరించిన పిన్ను చుక్క పక్కనే ఉంది. ఈ ఆరోదానికి కూడా చుక్క ఉంది, కానీ పైవైపున. పిన్నులు అడుగు వైపున ఉన్నాయి. చుక్క ఒకచోట, కోత ఒకచోట."

కల్చెవ్ కరెంటు తీయమని సైగ చేసి, బోర్డును రెండు చేతులా ఎత్తాడు. పైవైపు చూశాడు. అంచున తెల్ల చుక్క. తిప్పి అడుగు వైపు చూశాడు. మళ్ళీ తిప్పాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చుక్క మీద ఒక వేలు, దాని వెనకనున్న పిన్ను మీద ఒక వేలు పెట్టి పట్టుకుని, ఇంకోసారి తిప్పాడు. దోన చేతిలోని కర్ర నేలను కొట్టుకుంటూ ఉంది.

"చుక్క పన్నెండు వోల్టుల పక్కన ఉంది," అన్నాడు.

"అయితే?" అంది దోన.

"ఆ శరదృతువులో కీబోర్డు మార్చాం, ఇప్పుడు గుర్తొస్తోంది. కొత్తది ఈ కనెక్టర్‌కు అడ్డం వస్తోందని దీన్ని అడుగు వైపుకు మార్చాం. కోత ఎటో చెప్పే కాగితం మార్చలేదు." ఆయన నెమ్మదిగా మాట్లాడుతున్నాడు, లెక్క చెప్పుకుంటున్నట్టు. "హాల్లో వాళ్ళు బోర్డును రొట్టె తిరగేసినట్టు పక్కకు తిరగేశారు. ఎడమది కుడికొచ్చింది. కాగితంలో ఎడమ కొస అని ఉంది. వాళ్ళు ఎడమ కొసే కత్తిరించారు. అది అవతలి కొస."

"పుల్ల ఎటు ఉండాలి?" అని అడిగాడు వెలిజార్.

"చుక్క ఉన్న వైపు. ఎర్ర తీగ పక్కన." కల్చెవ్ బోర్డును బల్ల మీద పెట్టాడు. "ఆవిడ పెట్టిన చోటే. అప్పుడూ, ఇప్పుడూ."

దోన ఊరుకోలేదు.

"ఆ రోజు ఈ బోర్డు తిరగేసి చూశారా మీరు?"

"లేదు."

"ఎందుకు చూడలేదు?"

"బోర్డులు అవతలి హాలువి. అక్కడివాళ్ళు చదువుకున్నవాళ్ళు, తెల్ల కోట్లు వేసుకున్నవాళ్ళు. ఇటు చూస్తే ఏడో తరగతి చదివిన పిల్ల, గీత లేని చెక్క. నేను గోళ్ళ రంగు చూశాను దోనా. అంతే చూశాను." ఆయన రుసాన వైపు తిరిగాడు. "తప్పు నాది. నువ్వు ఒక్కసారైనా కాదనలేదు, అందుకని..."

"కాదనడానికి నాకు తెలియదు కదండీ," అంది రుసాన. "ఇప్పుడు తెలిసింది." ఆ మాట అన్నాక ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది, ఆగలేదు. కుర్చీలో కూర్చుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. వెలిజార్ భయపడి నీళ్ళు తెచ్చాడు.

"ఇంజినీరు గారూ," అంది దోన, కర్ర తిరిగి ఇస్తూ. "అప్పుడు భోజనాల హాల్లో భలే గట్టిగా చదివారు. వెనక బెంచీకి కూడా వినబడింది. ఇది కూడా అంత గట్టిగానే చెప్పాలి."

"చెబుతాను."

"మైకు పెట్టిస్తాను."

మే ఇరవై నాలుగున బడిపిల్లలు పూల దండలు పట్టుకుని బ్యాండుతో వీధుల వెంట నడిచి, పఠనమందిరం ముందు ఆగారు. పై గది పట్టక మెట్ల మీద కూడా జనం నిలబడ్డారు. రుసాన తలుపు చాటున నిలబడింది. దోన చేయి పట్టి ముందుకు లాక్కొచ్చింది.

కల్చెవ్ కోటు వేసుకుని ప్రతి పండుగకూ పెట్టుకునే పతకాలు ఈసారి పెట్టుకోకుండా వచ్చాడు. కాగితం చూసి చదవలేదు. ముప్పై ఆరు కంప్యూటర్లు ఎందుకు కాలిపోయాయో చెప్పాడు. తను ఏం రాశాడో, ఏం చూడలేదో చెప్పాడు. కేబుల్ కట్టినామె తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పాడు. జనంలో పెద్దవాళ్ళు నేల చూశారు. ఒక ఆడపిల్ల తల్లి చెవిలో, "రుసానంటే మనిషా?" అని అడగడం అందరికీ వినిపించింది. తల్లి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "ఆవిడే," అని చూపించింది.

బోర్డు కోతను మార్చడానికి లేదు కాబట్టి, వెలిజార్ సన్నటి పట్టకారుతో ప్లగ్గులోని పుల్ల పీకేశాడు. ఆ మూల పిన్నులు ఉన్నా లేకపోయినా పరవాలేదని ఇంజినీరు అప్పటికే లెక్క చూసి చెప్పాడు.

"పిన్నీ, నువ్వే తగిలించు."

రుసాన ఎర్ర తీగను చుక్క వైపుకు పెట్టి, రెండు బొటనవేళ్ళతో నొక్కింది. టక్కుమని కూర్చుంది. వెలిజార్ కరెంటు పెట్టాడు. దీపం వెలిగింది. తెర కొంతసేపు బూడిదరంగుగా ఉంది. ఎవరో దగ్గారు. అప్పుడు తెర పైభాగాన ఆకుపచ్చ గళ్ళు ఒకటొకటిగా పొడిచి అక్షరాలయ్యాయి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, వరుసగా, వంకర లేకుండా. కింద బ్యాండువాళ్ళకు ఏం జరిగిందో తెలియకపోయినా, పైన చప్పట్లు విని వాయించడం మొదలుపెట్టారు.

జనం పలచబడ్డాక, వెలిజార్ ఒక అట్టముక్క, కలం పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. గాజుపెట్టెలో ప్రతి భాగం కిందా అది ఏమిటో రాసి పెడుతున్నాడు. ఆ కనెక్టర్ కింది అట్ట ఒక్కటే ఖాళీగా ఉంది.

"నువ్వు చెప్పు, నేను రాస్తాను."

రుసాన గాజుపెట్టె మీదికి వంగింది. "ఇరవై ఆరు పిన్నులు. తెర బొమ్మకూ టేపుకూ పోయే కేబుల్ ఇక్కడ తగులుతుంది."

"రాశాను."

"ఆ కేబుల్ కట్టింది రుసాన మింకోవా."

"రాశాను. అంతేనా?"

"పిన్ను కత్తిరించింది అవతలి హాలు."

వెలిజార్ కలం ఆపి తలెత్తాడు. "అది కూడా రాయమంటావా పిన్నీ?"

"అది కూడా," అంది రుసాన. "కాస్త పెద్ద అక్షరాలతో రాయి. దూరం నుంచి కనబడాలి."